సన్యాసిరావు ఇంటి దూలం

సన్యాసిరావు బిలాస్‌పూర్ స్టేషనులో చక్రాలు కొట్టి చూసే మనిషి. బండి ఆగగానే పొడుగు పిడి సుత్తి పట్టుకుని, పెట్టె పెట్టెకీ వంగి, ఒక్కో చక్రం మీద ఒక్కో దెబ్బ వేసేవాడు. బాగున్న చక్రం ఖంగుమంటుంది. బీటవారినది మొద్దుగా పలుకుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే డ్యూటీ. విజయనగరం పక్క పల్లె నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చి, క్వార్టరు ఇరుకు పడలేక ఊళ్లోనే తెలిపారా పేటలో మట్టిగోడల పెంకుటిల్లు కట్టుకున్నాడు.

ఏటా రోహిణి ఎండల్లో, వానలకు ముందే, భార్య కనకంతో కలిసి ఇల్లంతా చూసుకునేవాడు. పగిలిన పెంకులు ఏరి కొత్తవి సర్దేవారు. చూరు కింద కాలువ తవ్వేవారు. గోడ అడుగున చెదలు కనబడితే కిరసనాయిలు పోసేవారు. దూలాలూ వాసాలూ కొట్టి చూడడం మాత్రం అతని పనే. అందులో ఇంకొకరు చెయ్యి పెడితే ఒప్పుకునేవాడు కాదు.

1936లో ఒక ఆదివారం పొద్దున బల్ల ఎక్కి నడింటి దూలాన్ని కొట్టాడు.

"బాగుంది," అని దిగబోయాడు.

కింద బల్ల పట్టుకున్న కనకం వదల్లేదు. "గోడవార మల్లీ కొట్టు మావా. గుల్లగా పలకతంది."

"నీకేటి తెలుసునే? చక్రాలు కొట్టినోడిని నాను."

"అచ్ఛా, ఈ పక్క కొట్టు, ఆ పక్క కొట్టు. రెండూ ఒక్కలాగే ఇనబడతన్నాయా?"

రెండు వైపులా కొట్టాడు. ఒక్కలాగే వినబడ్డాయి. అదే చెప్పాడు. కనకం అతణ్ణి దింపి, కూరల కత్తి పట్టుకుని తనే ఎక్కింది. గోడవార పొడిస్తే కత్తి పిడిదాకా దిగిపోయింది. పొడి మట్టీ, చెదపురుగులూ అతని భుజాల మీద రాలాయి.

సన్యాసిరావు గడప మీద కూర్చున్నాడు. దూలం సంగతి అడగలేదు.

"నాకు ఇనికిడి తగ్గిందని ఎప్పుడు కనిపెట్టావు?"

"పోయిన దసరా కాడినుంచి. ఒకటికి రెండుసార్లు పిలవాల్సొచ్చేది. అలసటనుకున్నాను."

అతను వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. అంతకుముందు నెలకి ఒకటో రెండో చెడ్డ చక్రాలకి సుద్దగీత పెట్టేవాడు. దసరా తరవాత ఒక్కటీ దొరకలేదు. మంచి చక్రాలే వస్తున్నాయని సంతోషపడ్డాడు కూడా. అది గుర్తొచ్చాక అతనికి అన్నం సహించలేదు.

మర్నాడు తమ మేస్త్రీ ఎర్రయ్యతో చెప్పేశాడు. ఎర్రయ్యదీ వాళ్ల వైపు ఊరే.

"దొరకి తెలిస్తే డ్యూటీ పోతాదిరా. నువ్వు కొడతుండు, నానెనకాల నిలబడి ఇంటాను," అన్నాడు ఎర్రయ్య.

"నువ్వు సెలవెట్టిన్నాడు ఎవులింటారు?"

ఇద్దరూ కలిసే తమ పై అధికారి ఇంగ్లీషు దొర దగ్గరికి వెళ్లారు. డాక్టరు చెవులు చూసి కాగితం రాశాడు. దసరా తరవాత సన్యాసిరావు చూసి పంపిన పెట్టెలన్నిటినీ వేరేవాళ్లతో మళ్లీ కొట్టించారు. మూడు బీటలు దొరికాయి. ప్రమాదం జరగకముందే దొరికాయని దొర కోప్పడలేదు. సన్యాసిరావును మాత్రం రైలు దీపాలుండే లాంపు గదికి మార్చారు. గాజులు తుడవడం, చమురు పోయడం, వత్తులు కత్తిరించడం. చెవులతో అవసరం లేని పని.

ఈలోగా ఇంటి పని ఆగలేదు. దూలం కింద రెండు గుంజలు ఆసరా పెట్టి, పడకలు అరుగు మీదకి మార్చారు. దగ్గర్లోని మోప్కా ఊళ్లో పాత ఇల్లు విప్పుతున్నారని తెలిసి కనకమే వెళ్లి గట్టి దూలం చూసి వచ్చింది. బండి మీద తెచ్చి, వానలు ఇంకా మూడు రోజులున్నాయనగా ఎక్కించారు. మొదటి వాన రాత్రంతా కురిసినా నడింట్లో చుక్క పడలేదు.

ఆ మీదట దూలాలు కొట్టి చూసే పని కనకానిదైంది. బల్ల పట్టుకునేది సన్యాసిరావు. వీధిలోవాళ్లూ ఆమెను పిలవసాగారు. పొరుగింటి అప్పలనర్సమ్మ ఒకసారి అతణ్ణే అడిగింది, "మా వాసాలు ఎలాగున్నాయి అన్నా?" అని.

అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆమె చేత ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. తరవాత లోపలికి తిరిగి కనకాన్ని కేకేశాడు.