మిషన్‌కిచ్చిన గది

పోర్టు దగ్గర పాత టౌన్లో నేను అద్దెకున్న ఇంటి ఓనరుగారు ఈ మాఘంలో పోయారు. మద్దిలపాలెంలో షాపు తలుపు ఎత్తుతుంటే ఆయన భార్య ఫోన్ చేశారు. "మీ బాబాయిగారు పోయారు బాబూ. పనికి ఇబ్బంది లేకపోతే రా" అన్నారు. ఏడవలేదు. నేను తలుపు దించేసి బయల్దేరాను.

ఆయన్ని బాబాయ్, ఆవిడని పిన్ని అనేవాణ్ణి గానీ చుట్టరికం ఏమీ లేదు. ఆయన తండ్రి పోర్టులో పనికని గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు. ఈయన ఇక్కడే పుట్టి, ఇక్కడి మాటే మాట్లాడేవారు. ముందు గదిలో ఒక కంప్యూటరు పెట్టుకుని పెళ్లికార్డులు, దినం కార్డులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు తయారుచేసి ప్రెస్సుకి పంపేవారు. నేను చోడవరం దగ్గర పల్లె నుంచి వచ్చి కంప్యూటర్లు బాగుచేసే పనిలో కుదిరిన కొత్తలో, పెళ్లికానివాడికి ఇల్లివ్వం అని వీధంతా తలుపులేసుకుంటే ఆయన ఇచ్చారు. "మా పిల్ల పెళ్లైపోయింది. ఇంక నువ్వు పాడుసెయ్యడానికి ఏటీ లేదు" అని పదిమంది ముందూ అన్నారు. గది ఇచ్చినందుకు సంతోషించాలో, మాటకి తల దించుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఆయన నోరు అలాంటిది. ఒకతను తండ్రి ఫ్లెక్సీకని పెళ్లిలో పకపకా నవ్వుతున్న ఫోటో తెస్తే, "నాన్న పోయాడా, లాటరీ తగిలిందా?" అని అడిగారు. ఏడుస్తూ వచ్చినవాళ్లు కోపంతో వెళ్లేవారు. మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన చేసిన కార్డులో పేరు తప్పు పడేది కాదు.

నా పని గురించి ఒకసారి అన్నారు: "బాగవదని తెలిస్తే మొదటిరోజే సెప్పెయ్. ఆశ పెట్టి తిప్పకు." ఇప్పటికీ నేను అలాగే చెబుతున్నాను. దానివల్ల కొందరు మళ్లీ రారు. వచ్చినవాళ్లు మాత్రం నేను బాగవుతుందంటే నమ్ముతారు.

ఆ వీధి పోర్టుకి దగ్గర. బొగ్గు దించిన రోజుల్లో గాలి ఇటు తిరిగితే ఆరేసిన బట్టలు, మూతపెట్టని అన్నం, గుమ్మంలో ముగ్గు, అన్నీ నల్లబడతాయి. బాబాయ్‌కి అప్పటికే ఊపిరితిత్తులు చెడ్డాయి. ముందు గదిలో పడుకోవద్దని, కిటికీ లేని లోపలి గదిలో తలుపేసుకుని ఉండమని డాక్టరు చెప్పాడు. కూతురు ఆ గదికి ఏసీ పెట్టించింది. భార్యాభర్తలిద్దరూ అందులో పడుకునేవారు.

ఆ రోజుల్లోనే ఆయన కంప్యూటరు పని మధ్యలో దానంతటదే ఆగిపోవడం మొదలైంది. కరెంటు తేడా అని ఎవరో అంటే స్టెబిలైజరు మార్చారు. వైరస్ అని ఇంకొకరు అంటే ఏదో ఎక్కించారు. చివరికి నన్ను పిలిచారు. అది మామూలు మిషన్ కాదు ఆయనకి. ఆయన తెలుగు అక్షరాలన్నీ ఉన్న పాత సాఫ్ట్‌వేరు ఆ ఒక్కదానిలోనే నడిచేది. అమ్మినవాళ్లు ఎప్పుడో మూసుకుపోయారు. ఇంకోదానిలో ఎక్కించే దారి లేదు. ఈ మిషన్ పోతే ఆయన పని పోయినట్టే. కొత్త సాఫ్ట్‌వేరు నేర్చుకునే వయసూ లేదు, ఇంకొకరి కింద పనిచేసే నోరూ కాదు.

ఆన్ చేసి చూస్తే కాసేపటికే ప్రాసెసర్ వేడి హద్దు దాటుతోంది, మిషన్ ఆగిపోతోంది. పైన కప్పిన పాత పంచె తీశాను. కింద డబ్బాకి గాలి ఆడే ప్రతి కన్నం మీదా గోధుమరంగు ప్యాకింగ్ టేపు నీటుగా అంటించి ఉంది. బొగ్గు దూరకుండా ఆయనే వేశారు. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది, తిప్పిన వేడిగాలినే మళ్లీ తిప్పుతోంది.

"ఏటిరా డాక్టరూ, దీనికేటి రోగం?" అన్నారు.

"ఊపిరాడక బాబాయ్. కన్నాలన్నీ మూసేస్తే ఎలాగ?"

"తెరిస్తే బొగ్గు మింగుతాది."

టేపులన్నీ పీకేశాను. ప్రాసెసర్ మీద వేడిని లాగే అల్యూమినియం రెక్కల సందుల్లో అంత టేపూ దాటుకుని వచ్చిన నల్లటి పొడి మెత్తగా కూరుకుపోయి ఉంది. దులిపాను. వేడి రెక్కల్లోకి ఎక్కడానికి కింద రాసే పేస్టు ఎండి సున్నంలా పెళుసుబారితే గీకి, కొత్తది రాశాను. మిషన్ చక్కగా నడిచింది. ఆయన వెంటనే కూర్చుని ఆగిపోయిన కార్డు అందుకున్నారు. తిట్టకపోవడమే ఆయన మెచ్చుకోలు.

వర్షాలు తగ్గి గాలి మళ్లేసరికి మళ్లీ ఆగిపోవడం మొదలైంది. ఈసారి కన్నాలు తెరిచే ఉన్నాయి గనక ఇంకా త్వరగా నిండింది. మళ్లీ దులిపాను. బలమైన ఫ్యాను వేస్తే ఇంకా ఎక్కువ బొగ్గు లాగింది. ఆ గదిలో మూస్తే ఉడుకుతుంది, తెరిస్తే కూరుకుపోతుంది. ఎన్నిసార్లు దులిపినా ఎన్నాళ్లో రాదని, ఆయన నేర్పినట్టే, ఆశ పెట్టకుండా చెప్పేశాను.

ఆయన కాసేపు దగ్గి, లోపలి ఏసీ గది వైపు చూసి, మంచం ముందు గదిలోకి లాగమన్నారు.

పిన్ని అడ్డం వచ్చారు. ఆవిడది గోదావరి మాట. "డాక్టరుగారు ముందు గది వద్దన్నారు కదండీ."

"డాక్టరు కూడెడతాడేటి? ఇది ఎడతాది. నీ మంచం కూడా తియ్యి."

నేను వద్దన్నాను. మిషన్‌ని నేను పనిచేసే షాపులో పెట్టుకోమన్నాను, ఇల్లు మారమన్నాను. "సొంతింట్లోంచి నన్ను పంపించడానికి నువ్వెవడివిరా, అద్దెకున్నోడివి" అన్నారు. మంచాలు నేనే లాగాను. మిషన్ లోపలికి వెళ్లింది. ఏసీ కింద పెట్టాక వేడి హద్దు దరిదాపుల్లోకి రాలేదు. ఆపితే మళ్లీ లేవదేమోనని ఆయన దాన్ని పూర్తిగా ఆపేవారు కాదు. ఒకరోజు ఎండకి తాళలేక ఆవిడ వెళ్లి అక్కడ గోడకి ఆనుకుని కూర్చుంటే, "లే. నీ ఊపిరికి దానికి వేడెక్కుతాది" అన్నారు. హాస్యమే అనుకుంటాను. ఆవిడ లేచి వచ్చేశారు.

నాకు పెళ్లై మధురవాడ వెళ్లిపోయాక కూడా మిషన్ పని పడితే పిలిచేవారు. ఒకసారి ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. కొత్త డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, ఇది తిరిగి బాగయ్యేది కాదండీ అని ముఖం మీదే చెప్పాడు. బాబాయ్ మెట్లు దిగుతూ, "ఈడికి పని తెలుసు" అన్నారు. ఇంటికెళ్లి ఎవరిదో గృహప్రవేశం కార్డు పూర్తిచేశారు.

మొన్న నేను వెళ్లేసరికి ఆయన్ని ముందు గదిలో ఐస్ పెట్టెలో పెట్టారు. కూతురు ఇంకా దారిలో ఉంది. పెట్టె ఆన్ చేసిన ప్రతిసారీ ఇంటికంతా కరెంటు పోతోంది. పెట్టె, ఏసీ రెండూ ఆ పాత వైరింగు మొయ్యలేకపోతోంది. ఏసీ ఆపేస్తే సరి అని మగవాళ్లు తేల్చారు. లోపలి గది గుమ్మంలో ఆవిడ నిలబడి ఉన్నారు, పక్కకి జరగడం లేదు.

"ఆపితే మిషన్ వేడెక్కిపోద్దండీ. ఆయన ఊరుకోరు" అన్నారు.

"మిషన్ కూడా ఆపేద్దాం పిన్నీ. నేను ఆపుతాను" అన్నాను. అప్పుడు జరిగారు. లోపల చల్లగా ఉంది. గోడలు తెల్లగా ఉన్నాయి. తెర మీద ఎవరివో రెండు పేర్లు, మధ్యలో ముహూర్తం కోసం వదిలిన ఖాళీ. ఆ కార్డు సేవ్ చేసి, మిషన్ ఆపాను. ఫ్యాను నెమ్మదించి నిలిచిపోయింది. ఏసీ కట్టేశాను. ముందు గదిలో పెట్టె గుర్రుమని మొదలైంది.

వచ్చేపోయే జనం కోసం వీధి తలుపు బార్లా తీసి ఉంచారు. గాలి పోర్టు వైపు నుంచే వస్తోంది. పెట్టె అద్దం మీద సన్నగా నలుపు పరుచుకుంటోంది. పిన్ని పక్కన కూర్చుని పమిట చెంగుతో తుడుస్తున్నారు. తుడిచిన మేర ముఖం కనిపిస్తుంది, కాసేపటికి మసకబారుతుంది. ఆవిడ దగ్గుతూ, మళ్లీ తుడుస్తున్నారు.