లామారా పెళ్ళి బాన

లామారా పుట్టిన వారానికి వాళ్ళ నాన్న పెరట్లో గొయ్యి తవ్వి, ఒక మట్టి బానని మూతిదాకా పూడ్చి, నిండా వైన్ పోసి, రాతిమూత పెట్టి బంకమట్టితో మెత్తేశాడు. పిల్ల పెళ్ళినాడు తెరవాలని. ఇమెరెతి కొండల్లో ఇలా పూడ్చేవాళ్ళు చాలామందే. లామారాకి ఇప్పుడు అరవై మూడు. మూత తియ్యలేదు. దాని చుట్టూ బంతిమొక్కలు వేసుకుంది.

పెళ్ళి కాలేదన్న దిగులు ఊళ్ళోవాళ్ళకే గానీ ఆవిడకి లేదు. గనుల ఊళ్ళో, లోయ మీదుగా తీగలకి వేలాడుతూ జనాన్ని మోసుకుపోయే పెట్టెని ముప్ఫై ఏళ్ళు నడిపింది. ఒకసారి ఒకడు సరిగ్గా లోయ నడుమకొచ్చాక పెళ్ళిమాట ఎత్తాడు. అప్పుడే కరెంటు పోయింది. రెండు గంటలు గాల్లోనే. ఆ రెండు గంటల్లో వాడు సంచిలో ఉన్న చీజు రొట్టె అంతా ఒక్కడే తినేశాడు, ఒక ముక్క ఇవ్వలేదు. కరెంటు వచ్చేసరికి లామారా దగ్గర జవాబు తయారుగా ఉంది.

చలి మొదలై ఇనప పొయ్యి రాజేసిన ప్రతిసారీ ఆవిడకి ఇది గుర్తొస్తుంది. పొయ్యి మీద చెస్ట్‌నట్ కాయలు చిటపటలాడుతుంటాయి. కాళ్ళకి ఉన్ని సాక్సులు. కిటికీలో బంతిరేకులు ఎండుతుంటాయి, పొడికొట్టి చలికాలమంతా కూరల్లో వేసుకోడానికి. ఒక్కతే కూర్చుని హాయిగా నవ్వుకుంటుంది.

ఈ అక్టోబరులో మాత్రం చిక్కొచ్చి పడింది. ద్రాక్ష విరగకాసింది. మంగళవారం తొక్కించి రసాన్ని కొయ్య దోనెలో పోసింది. బుధవారం ఏటా వాడే బానని కడుగుతుంటే, పోసిన నీళ్ళు పోసినట్టే మాయం. అడుగున పగులు. దోనెలో రసం అప్పటికే పొంగుతోంది. రేపు సాయంత్రంలోగా బానలో పడకపోతే ఏడాది కష్టం గంగపాలు. పెరట్లో మిగిలింది పెళ్ళి బాన ఒక్కటే.

సంగతి విని పక్కింటి దారీకో కంచె పట్టుకుని నిలబడిపోయింది. పెళ్ళి లేకుండా తెరిస్తే పోయిన పెద్దాయన ఊరుకుంటాడా అంది. ఉపాయమూ తనే చెప్పింది.

"మా మరిది గురామ్ ఉన్నాడుగా అక్కా. పొద్దున చర్చిలో నిలబడు, మధ్యాహ్నం బాన తెరువు, సాయంత్రం వాణ్ణి పంపించెయ్."

"పోతాడా? మీ గురామ్ భోజనాల దగ్గర కూర్చున్నాక లేవడం నువ్వెప్పుడైనా చూశావా?"

వెనకాల దారీకో మొగుడు శల్వా పడీపడీ నవ్వాడు, గురామ్ తన సొంత తమ్ముడే అయినా.

లామారా నవ్వలేదు. బంతిమొక్కల్లో కలుపు తీస్తూ కూర్చుంది. నాన్న ఆత్మంటే ఆవిడకి భయం లేదు. మూత ఉన్నంతకాలం నాన్న మాట ఇంకా చెల్లాల్సి ఉన్నట్టే. తీస్తే అయిపోతుంది. అదీ ఆవిడ బాధ.

మర్నాడు పొద్దున్నే గునపం పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళి శల్వాని పిలిచింది. దారీకో మళ్ళీ అడ్డుపడబోయింది.

"పెళ్ళవుతుందని పూడ్చలేదే నాన్న," అంది లామారా. "నేను పుట్టానని పూడ్చాడు. పుట్టాను, ఇంకా ఉన్నాను. అది చాలదా తెరవడానికి?"

దారీకో కూడా కంచె దాటి వచ్చింది. బంతిమొక్కలు పక్కకి నాటి, మట్టి పెళ్ళగించి, ముగ్గురూ కలిసి మూత జరిపారు. గుప్పుమని వాసన కొట్టింది. శల్వా తుమ్మాడు. పొడుగు కర్ర కట్టిన సొరబుర్రతో లామారా కాస్త ముంచి నాలిక మీద వేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వైన్ కాదు. పచ్చి పులుపు. అసలు సిసలు వెనిగర్.

"నాన్న చేతి వైన్ ఎప్పుడూ పులుపే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "పెళ్ళి చేసుకుని ఉంటే వియ్యాలవారి ముందు పరువు పోయేది." అప్పుడు పొట్ట పట్టుకుని నవ్వింది.

నవ్వితే మాత్రం చిక్కు తీరదు. వెనిగర్ పట్టిన బానలో కొత్త రసం పోస్తే అదీ పాడే. దోనె బుసబుసలాడుతోంది. దారీకో మాత్రం సొరబుర్రలో వేలు ముంచి చప్పరించింది. వాళ్ళింట్లో నలభై కిలోల క్యాబేజీ, పచ్చి టమాటాలు ఊరగాయకి సిద్ధంగా ఉన్నాయి. ఇంత మంచి వెనిగర్ ఎక్కడ దొరుకుతుంది?

"ఒక బక్కెట్ ఇవ్వక్కా. మా చిన్న బానలో నీ రసానికి చోటిస్తా."

కబురు వీధంతా పాకింది. మధ్యాహ్నానికి దారీకోతో కలిపి అయిదిళ్ళవాళ్ళు బక్కెట్లతో దిగారు. ఒక బక్కెట్ వెనిగర్ తీసుకున్నవాళ్ళు అయిదు బక్కెట్ల రసానికి చోటివ్వాలి. సాయంత్రానికి దోనె ఖాళీ. లామారా ఏడాది వైన్ అయిదు పెరళ్ళలో పడింది.

అప్పుడు గానీ ఆవిడకి తట్టలేదు, ఇక తన వైన్ తను తాగాలన్నా ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళాల్సిందేనని. అయిదుగురూ మొదటి విందు మా ఇంట్లోనంటే మా ఇంట్లోనని గొడవకి దిగారు. గురామ్‌కి ఇల్లే లేదు, అయినా వాడూ పిలిచాడు.

"ఆదివారాలే వస్తా. మిగతా రోజులు నా పొయ్యి దగ్గర నన్ను వదిలెయ్యండి," అంది లామారా. "ఎవరి క్యాబేజీ ముందు ఊరితే ముందు వాళ్ళింటికే."

అంతే, అందరూ బక్కెట్లెత్తుకుని ఇళ్ళకి పరిగెత్తారు.