బడి అవతల వేసిన కంప

పోయిన సంవత్సరం శ్రావణం. కుందుర్పి మండలంలో మా ఊరు. వేరుశనగ మొలిచి, ఆకాశం వైపు ఓసారి చూసి, తల వాల్చేసిన రోజులు. బస్సు ఆగే చోట నాకు పంక్చర్ కొట్టు ఉంది. దానికి తోడు మా ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్‌ని. ఐదో తరగతితో బడి ఎగ్గొట్టినవాణ్ణి ఎందుకు ఎన్నుకున్నారంటే, మీటింగు రోజు మిగతావాళ్లు పొలాల్లో ఉన్నారు, నేను దొరికాను.

చైర్మన్ అంటే కుర్చీ అనుకుంటారు. చెడిపోయిన కుళాయి, మధ్యాహ్న భోజనానికొచ్చే గుడ్లు పగిలిన గొడవ, గొర్రెల వెంట పోయిన పిల్లల్ని వెతికి తేవడం, ఇవీ పనులు. వీటన్నిటికన్నా పెద్ద తలనొప్పి మెర్జింగ్. పిల్లలు తక్కువున్న బడిని మూసేసి పక్క ఊరి బడిలో కలిపేయడాన్ని అలా అంటారు. అదే జరిగితే మా ఒకటో తరగతి బుడ్డోళ్లు లారీలు తిరిగే రోడ్డు దాటి నడవాలి. మండల విద్యాధికారి, అంటే ఎంఈఓ, వచ్చి బడి ఆవరణలో పిల్లల ఫోటో తీసి పంపితే, దాన్నిబట్టి పైవాళ్లు తేలుస్తారన్నారు.

హెడ్మాస్టర్ మేడం కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చింది. ఎంఈఓని బతిమాలి శుక్రవారం రమ్మంది. సరిగ్గా ఆ శుక్రవారమే మేం ఊరు విడిచే దినం. వాన రాకపోతే పొయ్యిలార్పి, తలుపులు మూసి, గొడ్డూ గోదతో అందరం పొలాల్లోకి వెళ్లిపోతాం. దారికి అడ్డంగా తుమ్మకంప వేస్తాం. పొద్దుగూకేదాకా ఎవరూ కంప దాటి లోపలికి పోకూడదు. ఈ సంగతి మేడానికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఇది తెలియనివాళ్లు కూడా ఉంటారని మాకు తెలియదు మరి.

మేడం బస్సు దిగింది. వెనకే ఎంఈఓ మోటారుసైకిల్. ఎదురుగా కంప, కంప వెనక బడి. ఇవతల చేలో పిల్లలంతా ఆడుకుంటున్నారు, బెంగళూరు పనులకు పోయి ఈ దినానికని ఊరొచ్చినవాళ్ల పిల్లలతో సహా.

“ఇంతమంది ఉన్నారే! పదండి, లోపల ఒక్క ఫోటో,” అన్నాడు ఎంఈఓ.

కంప పక్కన కట్టె పట్టుకుని కూర్చున్న ఊరిపెద్ద తిప్పన్న లేవలేదు. “కంప దాటితే వాన పోతాది సార్. మీరు కలెక్టరైనా అంతే.”

“ఇక్కడే తీయండి సార్,” అంది మేడం.

“బడి చోటు కాకపోతే ఫోన్‌లో యాప్ ఒప్పుకోదమ్మా. నా రిపోర్టు ఈ పొద్దే పోవాల.”

మేడం నావైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు. మా చేలల్లో లేనివి.

“తిప్పన్న మామా, ఏటేటా కంప యాడ ఏస్తారు?” అన్నాను.

“పొలిమేర రాయి కాడ.”

ఆ రాయి బడికీ ఇళ్లకీ మధ్య ఉంది. బడి కట్టేటప్పుడు ఊళ్లో జాగా ఇచ్చినవాడు లేక పొలిమేర బయట కట్టారు. దాని మీద నేను ప్రతి మీటింగులో అరుస్తూనే ఉన్నాను.

“మరి ఈసారి బడి అవతల ఎవరేసినారు?”

“మన పిల్లోళ్లు. నేను చెప్పలేదురా.”

“అయితే రాయి కాడికి జరుపు మామా. బడి మన ఊర్లోది కాదు.”

“ఏమప్పా, చైర్మనువై ఉండి బడి మనది కాదంటావా?”

“పొద్దుగూకినాంక మళ్లా మనదే.”

“నీ నోటికి మాత్రం పంక్చర్ పడదు కదరా!” తిప్పన్న కట్టె పక్కకు తీశాడు. కంప నేనే లాగి రాయి దగ్గర వేశాను. ఫోటో పడింది, బడి నిలిచింది. వాన కూడా వచ్చింది, ఎప్పటిలాగే చాలీచాలకుండా.

ఆ సాయంత్రం చేతిలో విరిగిన ముళ్లు తీసుకుంటూ, కంప వేసిన కుర్రాళ్లను అడిగాను. “బడిని ఎందుకు లోపలేసుకున్నారప్పా?”

“మన పిల్లోళ్లు కూసునే చోటు గదన్నా. బయటెట్ల ఇడిసిపెడతాం?” అన్నాడొకడు.

బడి మనదనుకోండయ్యా అని ఏళ్ల తరబడి గొంతు చించుకున్నవాణ్ణి. ఎవరూ చెప్పకుండానే వాళ్లు అనుకున్న రోజున, కాదని కంప పీకిందీ నేనే. ఊరు మారితే మీటింగులో చేతులెత్తి చెప్పదని అప్పుడు తెలిసింది.

ఈ ఏడూ వాన లేదు. ఊరు విడిచే దినాన తెల్లారే లేచి, ఎవరినీ అడక్కుండా కంప ఈడ్చుకెళ్లి బడి అవతల వేసొచ్చాను. మేడానికి మాత్రం ముందే చెప్పాను.