మా అక్క పొంగించిన మజ్జిగ

మా ఇంట్లో అందరూ నవ్వే మాట ఒకటుంది. అది విన్నప్పుడల్లా నేనూ నవ్వేదాన్ని. ఇన్నేళ్లలో నాకు ఆ నవ్వంత బరువైన పని ఇంకోటి లేదు. ఎందుకో మీకు చెబుతాను.

ఎవరైనా కాని పని మొదలుపెడితే మావాళ్లు "మజ్జిగ పొంగిస్తున్నావా?" అంటారు. ఆఫీసులు వదిలే వేళ కొత్తగూడ జంక్షన్లో క్యాబ్ కోసం చూసినా అదే మాట. అది మా అక్క వల్ల పుట్టింది. అక్కంటే మా తోడికోడలు, మా బావగారి భార్య. మా మియాపూర్ ఫ్లాట్ గృహప్రవేశం రోజు పాలకు బదులు మజ్జిగ పోసిందని అందరికీ తెలిసిన కథ.

పోసింది ఆవిడ కాదు. నేను.

అప్పటికి నాకు పెళ్లయి నెల కాలేదు. చెవిలో ఆఫీసు కాల్ నడుస్తుండగానే పాలనుకుని మజ్జిగ ప్యాకెట్లు కొనుక్కొచ్చి, అలాగే మాట్లాడుతూ గిన్నెలో పోసేశాను. పొయ్యి వెలిగించాక చుట్టాలందరి ముందూ అది విరిగి ముక్కలైంది. అత్తయ్యగారి మొహం పాలిపోయింది.

"ఎవరు పోశారు?"

"నేనేనండీ అత్తయ్యగారూ," అంది అక్క. "మజ్జిగ కూడా పొంగుతుందేమో చూద్దామని!"

ముందు పంతులుగారు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. అపశకునం అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ క్షణంలో ఆవిడకు అదెలా తట్టిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. తర్వాత వంటింట్లో ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "కొత్తగా వచ్చావు. నన్ను చూసి నవ్వితే నవ్వనీ," అంది. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

అది ఆవిడ గొప్పతనం. నా తప్పు తర్వాతది.

అక్కావాళ్లు చందానగర్లో ఇల్లు కొనుక్కున్నారు. సొంతింట్లో తన చేత్తో పాలు పొంగించాలని ఆవిడ ఎంత సంబరపడిందో! అత్తయ్యగారు ఆవిడ చేతిలోని పాలగిన్నె తీసుకుని నా చేతికిచ్చారు. "దీన్ని నమ్మితే మళ్లీ మజ్జిగే. నువ్వు పెట్టమ్మా." అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వి, పట్టుచీర కొంగు సర్దుకుంటూ పక్కకు జరిగింది. తన ఇంట్లో, తన పొయ్యి దగ్గర. అప్పుడైనా ఒక్క మాట చెప్పలేకపోయాను. భయమా? కాదు. మంచి కోడలన్న పేరు నాకు బాగుంది. అంతే.

మొన్న అక్క కూతురు అడిగింది. "పిన్నీ, అమ్మ నిజంగానే మజ్జిగ పొంగించిందా?"

అక్క ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"కాదమ్మా. తెచ్చిందీ పోసిందీ నేను. మీ అమ్మ నన్ను కాపాడింది."

అత్తయ్యగారు టీవీ కట్టేశారు. పిల్ల వాళ్లమ్మను అంతకుముందెన్నడూ చూడనట్టు చూసింది. అక్క తలెత్తింది. ఫర్లేదనలేదు.

"ఇన్నేళ్లు పట్టిందా?" అంది మెల్లగా.

మొదటిసారి ఆవిడ కళ్లలోకి తిన్నగా చూడగలిగాను.