లిమిట్ స్విచ్ మీద బంతిపూల దండ

2023 అక్టోబరు. దసరా వెళ్ళిన నాలుగో రోజు. గాజువాకలో ఇనుప దూలాలు, ట్యాంకులు తయారుచేసే షెడ్డు మాది. నేను అక్కడ మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ని. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నా కోపం కూడా అంత పాతదే.

షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూఇటూ తిరిగేది ఈఓటీ క్రేన్. ఇరవై టన్నులు ఎత్తుతుంది. దానికి లిమిట్ స్విచ్ అని ఒకటుంటుంది. హుక్ హద్దు దాటి పైకి వస్తే ఆ స్విచ్ మీట లేచి కరెంటు ఆపేస్తుంది. ఆపకపోతే హుక్ పైనున్న తాడు చుట్టుకునే డ్రమ్ముకి గుద్దుకుని, ఇనుప తాడు తెగి, మొత్తం కింద పడుతుంది. కింద ఎవరుంటే వాళ్ళ పని అంతే.

ఆ ఆగస్టులో మాకు కొత్త సేఫ్టీ ఇంజనీరు వచ్చింది. పేరు దేవీనా అప్పలసామి. పుట్టింది మారిషస్‌లో. వాళ్ళ తాతల తాత చెరుకు తోటల్లో కూలికి ఈ విశాఖ తీరం నుంచే ఓడెక్కాడట. ఆయన పేరే వాళ్ళకి ఇంటిపేరైంది. ఒక్కత్తే వచ్చి, గాజువాకలో మేడ మీద గది తీసుకుని, షేర్ ఆటోలో డ్యూటీకి వచ్చేది. బడిలో నేర్చుకున్న తెలుగు, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడేది. "ఇది మా ఊరే సార్" అంటే మావాళ్ళు నవ్వేవారు. మా నాన్న పేరూ అప్పలస్వామే. అయినా నేనూ నవ్వాను. ఆమెకి మూడు నెలల ప్రొబేషన్. పని బాగుందని నేను రాస్తేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే వీసా.

ఆ ఉదయం నిచ్చెనెక్కి క్రేన్ చూసి దిగింది. మొహం పాలిపోయి ఉంది.

"సార్, పూజ దండ లిమిట్ స్విచ్ మీటను బిగించేసింది. దాన్ని తొలగించేవరకు క్రేన్ నడపకూడదు."

నాకు చుర్రుమంది. ఆ దండ కట్టింది నేనే మరి! ఆయుధపూజ రోజు క్రేన్ నెత్తిన దండ కట్టేది ఫోర్‌మనే, మా షెడ్డు మర్యాద అది. గాలికి ఊడిపోతోందని ఆ ఏడు నైలాన్ తాడుతో కట్టాను. అలా కట్టినదానికి మేం కత్తెర పెట్టం. ఎండి తనంతట తానే రాలాలి.

క్రేన్ ఆపరేటరు సింహాద్రి నాకంటే ముందే లేచాడు. "ఏటమ్మా, అమ్మోరి దండ కోసేత్తావా? దానికి కత్తెరెడితే నాను బటన్ ముట్టుకోను బావ, సెప్తన్నాను!"

బరువులకి స్లింగులు తగిలించే రిగ్గర్లు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు. బయట ట్యాంకు ఎక్కించాల్సిన ట్రైలర్ ఎదురుచూస్తోంది. ఇంతలో పని ఆగిందని తెలిసి మేనేజరు ఫోను. "ఆ అమ్మాయితో పనవుతుందా, పంపించేద్దామా? సాయంత్రానికి రాసివ్వు."

"ఈ ఒక్క లిఫ్టూ కానీ, తర్వాత చూద్దాం" అన్నాను దేవీనాతో.

"నేను పర్మిట్ మీద సంతకం పెట్టను సార్." పర్మిట్ పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది. "ముందు ఖాళీ హుక్ పైకి లేపించండి. కింద ఎవరూ ఉండకూడదు."

ప్రతి షిఫ్టు మొదట్లో చెయ్యాల్సిన పరీక్షే అది. కంటిచూపుతో ఆపేస్తున్నాం కదా అని ఎప్పుడో మానేశాం. నేర్పాల్సినవాణ్ణి నేనే మానేశాను. "లేపి చూపించు బావా, ఓ పనైపోద్ది" అన్నాను సింహాద్రితో విసుగ్గా. రిగ్గర్లని గోడవైపు పొమ్మన్నాను.

క్రేన్ నుంచి వేలాడే బటన్ల పెట్టెని పెండెంట్ అంటారు. సింహాద్రి అది పట్టుకుని బటన్ నొక్కాడు. హుక్ లేచింది. "సూడమ్మా, ఆగతాది." ఇంక మూరెడు దూరం. "ఆగతాది..." జానెడు. పంతం కొద్దీ వేలు తియ్యలేదు. స్విచ్ పడిన చప్పుడు లేదు. దేవీనా ఒక్క దూకు దూకి పెండెంట్ మీది ఎర్ర బటన్ కొట్టింది.

బెత్తెడు దూరంలో ఆగింది హుక్.

సరిగ్గా దాని కింద, రిగ్గర్ నూకరాజు రోజూ నిలబడే చోటు. "ఓర్నాయనో" అని అతను గోడకి ఆనుకుని కూలబడ్డాడు. సింహాద్రి పెండెంట్ వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

దేవీనా మెయిన్ కరెంటు ఆపించి మళ్ళీ నిచ్చెనెక్కింది. కత్తెర తీసుకోలేదు. ముడి తర్వాత ముడి గోళ్ళతో విప్పుతూ అరగంట కూర్చుంది. దిగేసరికి ఎండిన బంతిపూలన్నీ ఆమె హెల్మెట్‌లో ఉన్నాయి. ఒక గోరు చిట్లి రక్తం కారుతోంది.

"మా నానమ్మ కూడా దండకు కత్తెర తగలనివ్వదు. ఈ పూలను ఎవరూ తొక్కని నీళ్ళలో వదలాలి. ఇక్కడ అలాంటి చోటు ఎక్కడుంది సార్?"

సిగ్గుతో చచ్చిపోయాను. మా పద్ధతి ఆమెకి తెలుసో లేదో మాలో ఒక్కడూ అడగలేదు. సింహాద్రి ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు. "ఇలా తే తల్లీ, సముద్రంలో నాను ఒగ్గేసొత్తాను. మీ తాతది ఏ వూరో కూడా వాకబు సేత్తాను."

సాయంత్రం నేనిచ్చిన కాగితం చదివి మేనేజరు తలెత్తాడు. "అమ్మాయిని ఉంచమన్నావు, సరే. ఈ రెండోది ఏంటయ్యా?"

'షిఫ్టు పరీక్ష మానేసి, స్విచ్ మీద దండ కట్టిన ఫోర్‌మన్‌కి మెమో ఇవ్వాలి.' కింద సంతకం నాదే.

మెమో వచ్చింది. దాచుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళని చూసి నవ్వబోయినప్పుడల్లా గుర్తొస్తుంది. ఇప్పుడు ఆయుధపూజ దండని కిందనున్న స్తంభానికి కడుతున్నాం. కట్టేది ఫోర్‌మన్ కాదు, దేవీనా. కట్టాక ఖాళీ హుక్ లేపమంటుంది. అది హద్దు దగ్గర టక్కుమని ఆగేదాకా మాలో ఎవరం దండం పెట్టం.