316 దగ్గర విను

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, నారాయణఖేడ్‌లో మా బాపు నలభై రెండేళ్లు నడిపిన కుట్టుదుకాణాన్ని ఖాళీ చేస్తూండగా, నేల నుంచి ఏడడుగుల నాలుగంగుళాల ఎత్తున ఉన్న అటక మీద నాకొక గుడ్డమూట దొరికింది. పొడవు ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు, వెడల్పు పంతొమ్మిది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు ముళ్లు; రెండూ ఇంతవరకూ ఎవరూ విప్పనివే. ముక్కు దగ్గరికి తీసుకుంటే కొత్తగుడ్డ గంజి వాసన, దాని వెనుక చేదెక్కిన పల్లీల వాసన. కంగ్టి నుంచి యాభై ఐదు నిమిషాలు బస్సులో ఊగి మా గడప చేరే పండుగ మూటలన్నీ ఒకప్పుడు ఇదే వాసన వేసేవి. అప్పుడది తాజాగా ఉండేది.

గడప దగ్గర కుర్చీలో కూర్చున్న బాపు తలెత్తి చూశాడు.

"పారెయ్యి బిడ్డా. విప్పినవంటే దాంట్ల మళ్ల ఏదో నంబరుంటది."

ఇరవై ఏడేళ్లు గడిచినా ఆయన గొంతులో అనుమానం మొద్దుబారలేదు. ఆ అనుమానాన్ని ఆయన చేతికిచ్చింది నేను. అప్పుడు నాకు పదకొండేళ్లు.

మూట పంపిన మనిషి శరణప్ప కాక. కంగ్టిలో బట్టల కొట్టు. ఇంట్లో కన్నడం, కొట్టులో తెలుగు, పాట వినేటప్పుడు రెండూ కాని ఏదో మూలుగు. తన దగ్గర గుడ్డ కొన్నవాళ్ల రవికెలు, లంగాలు కుట్టడానికి బాపుకు పంపేవాడు, ఆ గుడ్డల మడతల మధ్య ఒక కాసెట్ పెట్టేవాడు. బాపు కుట్టిన బట్టల మధ్య మరో కాసెట్ పెట్టి తిరిగి పంపేవాడు. బీదర్ బజారులో దొరికే గజళ్లు, కన్నడ భజనలు, సినిమా పాటలు, ఎవరు పాడారో అట్టమీద కూడా లేని తత్వాలు, కొత్త ఆల్బమ్ ఏది వచ్చినా ఇద్దరిలో ఒకరు కొని రెండోవారికి సిఫారసు చేయకుండా ఉండలేకపోయేవారు. కందిచేలు పసుపుపచ్చగా పూసే రోజుల్లో, దసరా ముందు దుకాణం నిండా బతుకమ్మ లంగాలు గుట్టలు పడి, అమ్మ వెనుకగదిలో సకినాల పిండి పిసుకుతూ నువ్వుల చేతులతోనే గుండీలు కుట్టే రోజుల్లో, నేనూ నా స్నేహితురాళ్లూ కత్తిరింపు బల్ల కింద గచ్చకాయలాడుతూ పైనుంచి రాలే గుడ్డపీలికలను రంగులవారీగా పంచుకునే రోజుల్లో, మా తలల మీదుగా ఆ పాటలు రోజంతా సాగుతూనే ఉండేవి. పండుగ మూటలో కాసెట్‌తో పాటు కాక ఇంటినుంచి శేంగ హోళిగెలు వచ్చేవి, పల్లీపొడి, బెల్లం నింపిన పలుచని పూర్ణపు రొట్టెలు. వాటి నూనె అంటిన కాసెట్‌ను బాపు తన లుంగీ అంచుతో తుడిచి, ఊది, యంత్రంలో పెట్టేవాడు.

వాళ్లిద్దరి మధ్య ఒక కట్టుబాటు ఉండేది. కాసెట్‌ను మొదటికి తిప్పాలి. టేప్‌రికార్డర్ మీది చిన్న కిటికీలో తిరిగే మూడంకెల లెక్కను మీట నొక్కి సున్నాలకు తేవాలి. అప్పుడు వినడం మొదలుపెట్టి, మనసు ఆగిన చోట కిటికీలో ఎంత కనిపిస్తే అంత చీటీ మీద రాయాలి. అవతలివారు ముందుగా ఆ అంకె దగ్గరికే వెళ్లి విని, తమకేమనిపించిందో చీటీ వెనుక రాసి పంపాలి. కాసెట్ మొత్తం వినడం ఆ తరువాతి సంగతి.

"మీరు పాటలు ఇంటున్నరా, పరీక్షలు రాస్తున్నరా?" అని అమ్మ ఎకసెక్కమాడేది.

పరీక్షే. అందులో ఎవరో చూచిరాత రాస్తున్నారని నాకు తెలిసిన రోజు బాగా గుర్తుంది. "212. బాన్సురి. పానం పోయినంత పనైంది" అని కాక చీటీ వచ్చింది. బాపు కాసెట్‌ను 212కి తిప్పాడు. రెండు పాటల మధ్య ఖాళీ. వేణువు లేదు, టేపు గరగర తప్ప ఏమీ లేదు. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. తరువాత నావైపు చూడకుండా చీటీ వెనుక "నాకు గూడ గంతే" అని రాశాడు. నా మొదటి అనుమానం బాపు మీద. కానీ పదకొండేళ్ల పిల్లకు తండ్రిని అనుమానించడం ఎక్కువసేపు చేతకాదు. దాన్ని కంగ్టికి మళ్లించాను. వినకుండా రాసే మనిషి ఆ చివర ఉన్నాడు, మర్యాదకు అబద్ధమాడే మనిషి ఈ చివర ఉన్నాడు.

అప్పటినుంచి నోటుపుస్తకం పెట్టాను. ఎడమ వరుసలో కాక రాసిన అంకె, నడుమ మా యంత్రంలో అక్కడ వినిపించినది, కుడివైపు తీర్పు. "140: సారంగి" అన్నచోట తబలా. "88: ఆలాపన" అన్నచోట చప్పట్లు. ఆయన చెప్పినది కాసెట్ మొత్తం విన్నప్పుడు వేరేచోట దొరికేది. దొరికిన అంకెను కూడా పక్కన రాసుకునేదాన్ని. బాన్సురి 265. సారంగి 175. ఆలాపన 110. తొమ్మిది చీటీలకు కుడి వరుసలో తొమ్మిదిసార్లు "అబద్ధం" అని రాశాను. రెండు అంకెల వరుసలు పక్కపక్కనే ఉన్నా ఒకదానితో ఒకటి భాగించాలని తోచలేదు. అనుమానానికి లెక్క మీద ఆసక్తి ఉండదు, సాక్ష్యం మీదనే ఉంటుంది.

ఆ ఏడాది ఎండాకాలంలో కాక వాళ్ల అవ్వ, ఆయన తల్లి, చనిపోయింది. దినాలయ్యాక వచ్చిన మూటలో అట్ట లేని కాసెట్ ఉంది. అవ్వ జొన్నలు విసురుతూ పాడిన పాటలను కాక ఇంట్లోనే నింపుకున్న కాసెట్ అది. చీటీ మీద "316. ఇది నీకే" అని ఉంది. బాపు తిప్పాడు. విసుర్రాయి గిరగిర, ఒక దగ్గు, మళ్లీ గిరగిర. పెళ్లిళ్ల కుట్టు మీద పడి ఉండటంతో మిగతాది తరువాత విందామని ఆపేశాడు. చచ్చిపోయిన మనిషి కాసెట్ కదా అని చీటీ వెనుక "కండ్లల్ల నీళ్లు తిరిగినయ్" అని రాసి, తిరుగు మూటలో చీటీ ఒక్కటే పంపాడు. అక్కడికక్కడే నేను నోటుపుస్తకం తెరిచి తొమ్మిది వరుసలూ చదివి వినిపించాను.

"నిన్ను పరీక్ష చేస్తుండు బాపు. ఉత్త నంబర్లు రాసి, నువ్వు అబద్ధం ఆడుతవా లేదా అని చూస్తుండు."

బాపు ముఖం ఎర్రబడింది. నిజంగానే అబద్ధమాడిన మనిషికి తనను ఎవరో పరీక్షిస్తున్నారని నమ్మడం చాలా సులభం.

అంగడి రోజు పొద్దున్నే కాక స్వయంగా వచ్చాడు. బెంచీ మీద కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరున్నారు.

"కండ్లల్ల నీళ్లెందుకు తిరిగినయ్ నర్సింలు? నేను నవ్వుతవనుకున్న."

బాపు కత్తెర ఆపాడు. "మీ అవ్వ గొంతు ఇంటే నవ్వొస్తదా?"

"ఏమిన్నవో చెప్పు మరి. ఏమన్నది అవ్వ?"

బాపు కాసెట్ పెట్టి, సున్నాలు తెచ్చి, 316కి నడిపి మీట నొక్కాడు. గిరగిర. దగ్గు. గిరగిర. కాక ముఖంలో రంగు మారింది.

"గిక్కడ మా అవ్వ మాటుండె. ఏం జేసినవ్ రా? దీని మీద ఏమన్న నింపినవా?"

"నేనెందుకు నింపుత? ముట్టనన్న ముట్టలే."

అప్పుడు నేను లేచాను. "నువ్వు రాసిన ఏ నంబరు కాడ ఏం ఉండది కాకా. తొమ్మిది చీటీలు చూసిన. తొమ్మిదీ అబద్ధాలే."

బెంచీ మీది మనిషి ఒకడు నవ్వాడు. "పోరి లెక్క పక్కాగుంది సేటూ."

కాక నా నోటుపుస్తకం వైపు, తరువాత బాపు వైపు చూశాడు. "నీ బిడ్డ నా మీద బుక్కు రాస్తున్నది. నువ్వు రాయిస్తున్నవా?"

బాపు కాదనలేదు. కాసెట్ తీసుకుని కాక వెళ్లిపోయాడు.

ఆరో రోజు కంగ్టి బస్సు కండక్టర్ ఈ మూట తెచ్చిచ్చాడు. బాపు దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "మళ్ల పరీక్ష" అని అటక మీదికి విసిరాడు. మరుసటి వారం కండక్టర్ "ముట్టిందా అని సేటు అడుగుతుండు" అంటే, "ముట్టిందని చెప్పు" అన్నాడు, అంతే. ఆ తరువాత కంగ్టి గుడ్డలు మా దుకాణానికి రాలేదు. ఆ దసరాకు హోళిగెలూ రాలేదు. టేప్‌రికార్డర్ మీద గుడ్డ కప్పి ఉండేది.

పెద్దయ్యాక నేను చేస్తున్న ఉద్యోగం కొలత పరికరాలను సరిచూడడం. రెండు యంత్రాలు వేర్వేరు అంకెలు చూపితే రెండింటిలో ఏదీ అబద్ధమాడుతున్నట్టు కాదన్నది అందులో మొదటి వారమే నేర్పే పాఠం. నేర్చుకున్నాను. దాన్ని ఈ దుకాణం వరకు తెచ్చుకోలేదు.

మూట విప్పాను. కాగితంలో పొడిపొడిగా రాలిన హోళిగెలు. అట్ట లేని కాసెట్. చీటీ.

"నర్సింలు, ఇంటికొచ్చి ఇన్న. నా మిషన్ల 316 కాడనే ఉంది. నువ్వు చెరపలేదు. రెండు మిషన్లు ఒక్క తీరు తిరుగుతలేవు గావచ్చు. నీ మిషన్ల ఎంతైతదో నాకు లెక్క రాదు. పోరిని అడుగు, ఆమెకైతే వస్తది. విని క్యాసెట్ జల్దీ పంపు. అవ్వ గొంతు గిదొక్కటే ఉంది."

212కు 265. 140కి 175. 88కి 110. ఆయన యంత్రం నాలుగు అంకెలు తిరిగేసరికి మాది ఐదు తిరిగేది. 316కు 395.

పాత యంత్రానికి కొత్త రబ్బరు బెల్టు దొరికి, బిగించి, సున్నాలు తెచ్చేసరికి మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలైంది. 395 దగ్గర విసుర్రాయి ఆగింది. అవ్వ గుక్క తిప్పుకుని, కొడుకుతో కన్నడంలో అంది: "ఆ టేలరప్పగ హేళు, కుబస కంకళదాగ బిగి ఆగ్యద." ఆ టైలర్‌తో చెప్పు, రవికె చంకలో బిగుతైంది అని. వదులు చేసిస్తే ఇంకో పాట పాడతానంది. వెనుక శరణప్ప కాక నవ్వు. టేపు ఆ నవ్వుతోనే అయిపోయింది.

బాపు మీట నొక్కి యంత్రం ఆపాడు. "అరంగుళం తక్కువ వెట్టిన. నాకు ఎరుకే."

కంగ్టికి ఫోన్ చేస్తే కాక కొడుకు ఎత్తాడు. ఆయన పోయి ఆరేళ్లయిందట. కాసెట్ సంగతి ఎప్పుడైనా అడిగేవాడా అన్నాను.

"మేమే అంటుంటిమి అక్కా, పోయి తెచ్చుకుందమని. వద్దనెటోడు. టైలర్ కాడ పైలంగ ఉంది, విన్నంక గాయినే పంపుతడు అనెటోడు."

కాసెట్‌ను మరుసటి ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాల బస్సులో నేనే తీసుకెళ్లి ఆ కొడుకు చేతికిచ్చాను. వాళ్లింట్లో దాన్ని వినడానికి యంత్రం లేదు.

రెండు ఊళ్ల మధ్య తిరిగిన కాసెట్లు అరవై మూడు. మా దగ్గర మిగిలినవి మూడు. నేను అబద్ధమని రాసిన చీటీలు తొమ్మిది; వాటిలో అబద్ధాలు సున్నా. వాటి వెనుక బాపు ఆడిన అబద్ధాలు తొమ్మిది, 316 వెనుకది పదోది. మా అంకెలకు జవాబుగా కాక ఆడినవి ఎన్నో తెలియదు. సరిచేయని రవికె ఒకటి. నన్ను అడగమన్న లెక్క ఒకటి. దానికి పట్టిన సమయం నిమిషంలోపు. శరణప్ప కాక తన తల్లి గొంతు వినకుండా బతికిన ఏళ్లు ఇరవై ఒకటి.