సాయన్న చేతిలో సుత్తి

1959లో నేను వికారాబాద్‌లో ఉంటూ ఒక దినపత్రికకు స్ట్రింగర్‌గా పనిచేసేవాణ్ని. స్ట్రింగర్ అంటే ఆఫీసులో కుర్చీ లేని విలేకరి. వార్త రాసి, కవర్లో పెట్టి, హైదరాబాద్ వెళ్లే రైలు గార్డు చేతికి అందిస్తే ఆ రోజుకు పని అయిపోయినట్టే.

ఆ ఎండాకాలం తాండూరు దగ్గర ఒక నాపరాతి గనికి వెళ్లాను. నలుగురు పట్టే బండను మల్లప్ప అనే కూలీ ఒక్కడే అంచు పట్టి లేపి నిలబెట్టడం చూశాను. ఆరడుగులు దాటిన మనిషి. పేరు అడిగితే పక్కనున్న బక్కపలచని సాయన్న వైపు చూశాడు. సాయన్నే జవాబిచ్చాడు. ఇద్దరూ కన్నడ సరిహద్దు అవతల ఒకే పల్లె నుంచి పనికి వచ్చారట. నేను రాసింది బాక్స్ ఐటమ్‌గా, అంటే చుట్టూ గీతలు గీసిన చిన్న వార్తగా, వచ్చింది. మురిసిపోయాను.

వారం తిరక్కుండానే సాయన్న మా గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో మడతలు పడ్డ పేపరు.

"సారూ, గీండ్ల నేనేడున్ననో జర సదువు."

చదివాను. 'తోటివాడు ఒకడు పక్కన కూర్చుని చూస్తుండగా...'

"సూసుకుంట కూసున్ననా? మరి నా చేతిల సుత్తె కనవడలేదా నీకు?"

కనబడింది. ఊసుపోక రాతిని కొడుతున్నాడని అనుకున్నాను.

ఆ వార్తను హోటల్లో ఎవరో గని యజమాని పటేలుకు చదివి వినిపించారట. ఒక్కడు చేసే పనికి ఇద్దరెందుకని పటేలు సాయన్నను వెళ్లిపొమ్మన్నాడు.

"నాకు ఇంకో గనిల పని దొరుకుతది. వానితోనే ఫికర్. ఏ బండ లేపమంటే గా బండ లేపుతడు. కాళ్లూ చేతులతోని తిరిగి తోల్కొస్తనని వాళ్లమ్మకు మాటిచ్చిన. నేనొచ్చేదాక ఏదీ ముట్టకు అని చెప్పొచ్చిన. ఎంతసేపాగుతడో మరి."

తరువాతి రైలుకే ఇద్దరం తాండూరు వెళ్లాం. మల్లప్ప గని ఒడ్డున కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు.

"ఏంది సారూ," అన్నాడు పటేలు. "నీ పైల్వాన్ పొద్దుగాల్నించి పని ముట్టలే. అడిగితే సాయన్న చెప్పలే అంటడు. నువ్వేమో గట్ల రాస్తివి."

"తప్పు రాసిన పటేలా. సుత్తె సంగతి అడగలేదు."

సాయన్న గనిలోకి దిగాడు. పొర విడదీసి ఉంచిన ఒక బండను సుత్తితో మెల్లగా కొట్టి చెవి ఆనించాడు. ఖంగుమంది. "లేపురా" అన్నాడు. మల్లప్ప లేపాడు. రెండో బండ బొంగురుగా పలికింది. సాయన్న బొగ్గుతో దాని మీద అడ్డంగా గీత గీశాడు.

"గిది వద్దు. లోపల నర ఉన్నది."

నర అంటే పైకి కనబడని పగులు.

"మంచిగున్న బండకు నర అంటవేంది," అని పటేలు నలుగురితో గడ్డపారలు పెట్టించి దూరం నుంచే లేపించాడు. మోకాలెత్తు లేచిందో లేదో, బండ బొగ్గు గీత వెంబడే రెండు ముక్కలై పడింది.

పటేలు వంగి పగిలిన అంచును వేలితో తడిమాడు. "ఇన్ని రోజులు నా బండలు కాపాడుకుంట వచ్చినవ్. ముందే చెప్పొద్దా?"

"బండల కోసం గాదు పటేలా. వాని కాళ్ల కోసం."

పటేలు నవ్వాడు. "సరే, వాని కాళ్లు నువ్వే చూసుకో. ఇద్దరూ ఉండుండ్రి. చాయ్ తెప్పిస్త."

అందులో మల్లప్పకు అర్థమైంది ఒక్కటే, సాయన్న వెళ్లడం లేదు. అతన్ని అమాంతం ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. "దించురా, సుత్తె వడ్తది," అని సాయన్న తిడుతుంటే గనిలో పని ఆపి అందరూ నవ్వారు.

ఈసారి వార్త ఇద్దరి పేర్లతో వచ్చింది. చదివి వినిపించడానికి నేనే తీసుకెళ్లాను. సాయన్న గంభీరంగా తలాడించాడు. మల్లప్ప వేళ్లు మడుస్తూ విన్నాడు.

"నా పేరు మూడుసార్లొచ్చింది. సాయన్నది రెండే," అన్నాడు. "వానిది ఇంకోటి రాయి సారూ."

ఆ తరువాత ఏ పనిని చూడబోయినా, పనిలేనట్టు పక్కన కూర్చున్న మనిషినే ముందు పలకరించేవాణ్ని. మల్లప్ప అడిగింది మాత్రం మా పత్రిక డెస్క్, అంటే వార్తలు దిద్దేవాళ్లు, ఒప్పుకోలేదు. ఒకే సంగతి మూడోసారి వేయరు. అందుకే ఆ మూడో పేరు ఇక్కడ రాస్తున్నాను: సాయన్న.